సిగ్నల్ హిల్ నుంచి కింగ్స్‌మీడ్ దాకా

సోమవారం: సిగ్నల్ హిల్, గ్రీన్ పాయింట్

కేప్‌టౌన్‌కు వచ్చినవాళ్లంతా ముందు టేబుల్ మౌంటెన్ ఎక్కుతారు. నేను మాత్రం దాని పక్కన ఒదిగి ఉన్న చిన్న కొండ, సిగ్నల్ హిల్ కోసం వచ్చాను. 1931 అక్టోబరు 4న బాసిల్ డి’ఒలివెరా పుట్టింది ఈ కొండవాలులోని ఇళ్ల మధ్యనే. పుట్టిన దేశం తరఫున ఒక్క టెస్టు కూడా ఆడే అవకాశం లేక, ఇంగ్లండ్‌కు వలసపోయి, ఆ దేశం తరఫున 44 టెస్టులు ఆడి, 5 సెంచరీలతో 2,484 పరుగులు చేసిన మనిషి ఆయన. ఆయన పేరు మీద రేగిన వివాదమే దక్షిణాఫ్రికాను ప్రపంచ క్రికెట్ నుంచి రెండు దశాబ్దాలకు పైగా వెలివేయడానికి దారి తీసింది. వర్ణవివక్షకు ఎదురుగా క్రీడారంగం గట్టిగా నిలబడిందని ఇప్పుడు అందరూ గర్వంగా చెప్పుకుంటారు. అలా నిలబడింది ఎవరు, తప్పించుకు తిరిగింది ఎవరు అన్న ప్రశ్న చాలాకాలంగా నన్ను వదలడం లేదు. ఈ ప్రయాణం పెట్టుకున్నది అందుకే.

కొండ దిగువన బో-కాప్ పేట ఉంది. గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగుల గోడల ముందు ఫొటోలు దిగే యాత్రికులతో వీధులు నిండిపోయి ఉన్నాయి. 1794లో వెలసిన అవ్వల్ మసీదు దాటి పైకి నడిస్తే దారి ఎంత నిటారుగా ఉంటుందంటే, ఇక్కడ వీధిలో బంతి ఆడే పిల్లవాడు షాటు నేలబారుగా కొట్టడం ముందు నేర్చుకుని ఉంటాడనిపించింది. బంతి జారితే దాని వెంట ఊరంతా దిగాలి మరి. ఆదివారం తప్ప రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి పేలే ఫిరంగి శబ్దానికి నేను ఉలిక్కిపడ్డాను గానీ, పక్కన కూరగాయలు ఏరుకుంటున్న స్త్రీ తలైనా తిప్పలేదు.

సాయంత్రం గ్రీన్ పాయింట్‌కు నడిచాను. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం కట్టిన పెద్ద స్టేడియం, దాని పక్కన చక్కగా కత్తిరించిన పచ్చిక, పరుగు సాధన చేసేవాళ్లు కనిపించారు. ఒకప్పుడు ఈ మైదానంలోనే శ్వేతేతరుల క్లబ్బులు ఆడుకునేవి. పిచ్ ఉండేది కాదు. రాళ్లు ఏరి, నేల చదును చేసి, కొబ్బరిపీచు చాప పరిచి ఆడేవాళ్లు. ఒకే సమయంలో అనేక మ్యాచ్‌లు జరుగుతుంటే ఒకరి బౌండరీలోకి మరొకరి ఫీల్డర్ వచ్చి నిలబడేవాడు. డి’ఒలివెరా తండ్రి కెప్టెన్‌గా ఉన్న సెయింట్ అగస్టీన్స్ క్లబ్బు ఇలాగే ఆడింది. చాప మీద బంతి ఎటు లేస్తుందో తెలియదు కాబట్టి చివరి క్షణం దాకా ఆగి, వెనక్కి తగ్గి, మణికట్టు బలంతో కొట్టడం ఆయనకు అలవడింది. తరువాతి కాలంలో ఇంగ్లండ్ విమర్శకులు మెచ్చుకున్న ఆ పొట్టి బ్యాక్‌లిఫ్ట్‌కు మూలం ఈ రాళ్లనేలే అయి ఉంటుందని నా ఊహ.

బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయనను పలకరించాను. తన తండ్రి ఇక్కడే స్కోరు రాసేవాడట. “అంకుల్, మీ నాన్నగారు డి’ఒలివెరా ఆట చూశారా?” అని అడిగితే నవ్వి, “డాలీ ఆట చూశానని చెప్పుకోని మనిషి ఆ రోజుల్లో ఈ పేటలో ఉండేవాడు కాదు బాబూ. అందరూ నిజంగా చూసి ఉంటే ఇక్కడ నిలబడడానికి చోటు చాలేది కాదు” అన్నాడు.

మంగళవారం: డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం

బుయిటెన్‌కాంట్ వీధిలోని పాత మెథడిస్టు చర్చిలో ఈ మ్యూజియం ఉంది. 1966 ఫిబ్రవరి 11న ప్రభుత్వం డిస్ట్రిక్ట్ సిక్స్‌ను శ్వేతజాతి ప్రాంతంగా ప్రకటించింది. ఆ తరువాతి సంవత్సరాల్లో 60,000 మందికి పైగా జనాన్ని ఊరికి దూరంగా ఇసుక మైదానాలలోకి తరలించి, ఇళ్లను నేలమట్టం చేసింది. మ్యూజియం నేల మీద ఆ పేట పటం పరిచి ఉంది. అక్కడ బతికినవాళ్లు వచ్చి, తమ ఇల్లు ఉన్నచోట తమ పేర్లు చేతిరాతతో రాసిపెట్టారు. కొన్ని అక్షరాలు వణికాయి. ఒకచోట ఒకే ఇంటి మీద రెండు కుటుంబాల పేర్లు ఉన్నాయి. బహుశా వేర్వేరు కాలాల్లో అద్దెకున్నవాళ్లు కావచ్చు. పటం మీద అడుగు వేయడానికి మొదట మనసొప్పలేదు గానీ, అక్కడి సిబ్బందిలో ఒకామె “నడవండి, నడవడానికే పరిచాం” అంది.

1950లో వచ్చిన రెండు చట్టాలలో ఒకటి ప్రతి మనిషిని పుట్టుకను బట్టి ఒక జాతిగా నమోదు చేసింది, రెండోది ఏ జాతివాడు ఏ వీధిలో ఉండాలో నిర్ణయించింది. డి’ఒలివెరా ఆ లెక్కలో ‘కలర్డ్’, అంటే మిశ్రమ జాతివాడు. ఒక ప్రింటింగ్ సంస్థలో పనిచేస్తూ, సెలవు రోజుల్లో ఆడుతూ, 1958లో శ్వేతేతర దక్షిణాఫ్రికా జట్టుకు కెప్టెన్‌గా తూర్పు ఆఫ్రికాకు వెళ్లి వచ్చాడు. అంతకు మించి ఈ దేశంలో ఆయనకు ఎక్కడానికి మెట్టు లేదు. ఆ ఏడాదే ఇంగ్లండ్‌లోని ప్రసిద్ధ వ్యాఖ్యాత జాన్ ఆర్లాట్‌కు పచ్చ సిరాతో ఉత్తరం రాశాడు. ఎన్నో తలుపులు తట్టిన ఆర్లాట్, 1960 సీజన్‌కు వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ వెస్ హాల్ రాలేనన్నప్పుడు ఖాళీ అయిన చోటును లాంకషైర్‌లోని మిడిల్‌టన్ క్లబ్బులో ఆయనకు ఇప్పించాడు. జీతం సీజన్ మొత్తానికి 450 పౌన్లు. విమాన ఖర్చు అందులోనే పోతుంది. చుట్టుపక్కల పేటల వాళ్లు చందాలు పోగుచేసి ఆయనను పంపించారు. ఈ వివరం నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. డి’ఒలివెరాను ప్రపంచానికి అందించింది క్రికెట్ బోర్డు కాదు, స్టేడియం గేటు వెనుక నిలబడాల్సి వచ్చిన జనం.

అప్పటికి ఆయన వయసు 28 దాటింది. వయసెక్కువని ఎక్కడ తోసిపుచ్చుతారోనని ఇంగ్లండ్‌లో ఏళ్లు తగ్గించి చెప్పుకున్నాడు. హోటల్లో తెల్లవాళ్లు వచ్చి వడ్డిస్తుంటే కంగారుపడ్డాడట. మొదటి కొన్ని మ్యాచ్‌లు తడబడినా, సీజన్ ముగిసేసరికి ఆ లీగ్ సగటుల పట్టికలో గ్యారీ సోబర్స్ కంటే పైన నిలిచాడు. 1964లో వూస్టర్‌షైర్ కౌంటీకి, 1966 జూన్‌లో ఇంగ్లండ్ జట్టుకు ఎంపికై లార్డ్స్‌లో వెస్టిండీస్ మీద తొలి టెస్టు ఆడాడు. డిస్ట్రిక్ట్ సిక్స్‌కు నోటీసు పడి అప్పటికి నాలుగు నెలలు.

బుధవారం: న్యూలాండ్స్

సెంట్రల్ స్టేషన్ నుంచి లోకల్ రైలెక్కి న్యూలాండ్స్‌లో దిగి నడిస్తే ముందు బీరు తయారీ వాసన, తరువాత ఓక్ చెట్లు, వాటి వెనుక కొండ. ఇంత అందమైన క్రికెట్ మైదానం నేను చూడలేదు. అందుకే అక్కడ నిలబడి వినాల్సిన కథలు అంత చేదుగా ఉంటాయి కాబోలు.

మొదటిది 1894 నాటిది. క్రోమ్ హెండ్రిక్స్ అనే కలర్డ్ ఫాస్ట్ బౌలర్ ఇంగ్లండ్ పర్యటనకు వెళ్లవలసినంత గొప్పగా బంతి విసిరేవాడు. కేప్ ప్రధానిగా ఉన్న సిసిల్ రోడ్స్, ఆయన అనుచరుడు విలియం మిల్టన్ కలిసి ఆ పేరు జాబితాలోకి రాకుండా చూశారు. వర్ణవివక్ష అన్న విధానం 1948లో అధికారంలోకి రాకముందు నుంచే ఈ ఆటలో దానికి పునాది ఉందనడానికి హెండ్రిక్స్ సాక్షి. డి’ఒలివెరా చిన్నతనంలో ఇక్కడికి టెస్టులు చూడటానికి వచ్చినప్పుడు నల్లవారి కోసం వేరుగా కట్టిన కంచెలో నిలబడాల్సి వచ్చేది.

రెండో కథ జరిగింది ఇక్కడ కాదు, లండన్‌లో. కానీ 1968–69 సీజన్‌లో ఇక్కడ జరగవలసిన టెస్టు జరగకపోవడానికి అదే కారణం. 1968 యాషెస్ మొదటి టెస్టులో డి’ఒలివెరా 87 పరుగులతో అజేయంగా నిలిచాడు. తరువాత జట్టు నుంచి తొలగించారు. ఇంగ్లండ్ జట్టు విదేశీ పర్యటనలను అప్పట్లో నడిపిన లార్డ్స్ క్లబ్బు ఎంసీసీ పెద్దలకు ఆ ఏడాది మార్చిలోనే, ఆయన ఎంపికైతే పర్యటనకు ఒప్పుకోరని ఆ క్లబ్బు మాజీ అధ్యక్షుడు లార్డ్ కోబమ్ ద్వారా దక్షిణాఫ్రికా ప్రధాని వోర్‌స్టర్ మాట అందింది. ఆ సంగతి పూర్తి కమిటీకి చెప్పకుండా దాచారు. ఎంసీసీ కార్యదర్శి బిల్లీ గ్రిఫిత్ లార్డ్స్ టెస్టుకు ముందు డి’ఒలివెరానే పిలిచి, ఇంగ్లండ్‌కు కాదు దక్షిణాఫ్రికాకు ఆడతానని ప్రకటించమని సలహా ఇచ్చాడు. ఆ సలహాలో తర్కం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎవరు ఆడనివ్వరో వాళ్లకే ఆడతాననడం. తరువాత ఒక పొగాకు వ్యాపారి, పర్యటనకు అందుబాటులో లేనని చెబితే ఏడాదికి 4,000 పౌన్ల కోచింగ్ ఉద్యోగం ఇస్తానన్నాడు. మిడిల్‌టన్‌లో 450 పౌన్లకు ఆడిన మనిషికి ఆ మొత్తం ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. ఆయన ఒప్పుకోలేదు.

ఆగస్టులో ఓవల్‌లో చివరి టెస్టుకు రోజర్ ప్రిడో అనారోగ్యంతో తప్పుకోవడంతో డి’ఒలివెరాకు పిలుపు వచ్చింది. 31 పరుగుల దగ్గర ఆస్ట్రేలియా కీపర్ బ్యారీ జార్మన్ క్యాచ్ వదిలేశాడు. ఆ తరువాత ఆయన 158 చేశాడు. చివరి రోజు వర్షానికి మైదానం చెరువైతే ప్రేక్షకులే దుప్పట్లతో నీళ్లు తుడిచారు. సమయం అయిపోతున్న వేళ మొండిగా నిలిచిన జార్మన్‌ను బౌల్డ్ చేసి దారి తెరిచింది డి’ఒలివెరాయే. మిగతా పని డెరిక్ అండర్‌వుడ్ పూర్తి చేశాడు. సిరీస్ సమమైంది. ఆగస్టు 28న ప్రకటించిన పర్యటన జట్టులో 158 చేసినవాడి పేరు లేదు. వూస్టర్‌లో ససెక్స్ మీద సెంచరీ చేసి డ్రెసింగ్ రూమ్‌లో కూర్చున్న ఆయన రేడియోలో ఆ వార్త విని ఏడ్చేశాడు. పక్కన టామ్ గ్రేవ్‌నీ ఓదార్చాడు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఆ జట్టు ఎంపిక ఆట కారణాలతోనే జరిగిందని సెలెక్టర్లు చివరిదాకా వాదించారు. సెప్టెంబరు 16న టామ్ కార్ట్‌రైట్ గాయంతో తప్పుకుంటే, ఆ బౌలర్ స్థానంలో ‘బ్యాట్స్‌మన్’ అని పక్కన పెట్టిన డి’ఒలివెరానే తీసుకోవలసి వచ్చింది. మరుసటి రోజు బ్లోమ్‌ఫోంటేన్‌లో వోర్‌స్టర్, ఇది ఎంసీసీ ఎంపిక చేసిన జట్టు కాదు, వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమం ఎంపిక చేసిన జట్టు అన్న అర్థంలో ప్రసంగించి తలుపు మూసేశాడు. సెప్టెంబరు 24న పర్యటన రద్దయింది. అంటే ఎంసీసీ వర్ణవివక్షను ఎదిరించలేదు. ఎదిరించకుండా ఉండటానికి చేయగలిగినదంతా చేసి, చివరికి వోర్‌స్టర్ చేతనే వెళ్లగొట్టించుకుంది. ఆ డిసెంబరులో మాజీ ఇంగ్లండ్ కెప్టెన్, తరువాత బిషప్ అయిన డేవిడ్ షెపర్డ్, యువ మైక్ బ్రియర్లీ వంటివారు సంస్థ నిర్వాకాన్ని తప్పుపడుతూ సభ్యుల సమావేశంలో తీర్మానాలు పెడితే అవి ఓడిపోయాయి.

తలుపును నిజంగా మూసినవాళ్లు మైదానం బయటివాళ్లు. దక్షిణాఫ్రికా నుంచి వెళ్లిన కుర్రవాడు పీటర్ హెయిన్ నాయకత్వంలో 1969–70 శీతాకాలమంతా బ్రిటన్‌లో దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు (స్ప్రింగ్‌బాక్స్) మ్యాచ్‌ల దగ్గర ఆందోళనలు సాగాయి. 1970 వేసవికి రావలసిన దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు కోసం ఇంగ్లండ్ మైదానాల చుట్టూ ముళ్లకంచెలు వేశారు. ఆ పర్యటనకు వ్యాఖ్యానం చెప్పనని జాన్ ఆర్లాట్ ముందే ప్రకటించాడు. మే నెలలో హోంమంత్రి జేమ్స్ కాలహన్ అడిగాక గానీ పర్యటన రద్దు కాలేదు. కేప్‌టౌన్‌లో ఓక్ చెట్ల నీడన కూర్చుని ఆ ముళ్లకంచెలను ఊహించుకుంటే, కంచె ఈసారి తెల్లవారి చుట్టూ పడిందన్న ఆలోచన రాక మానదు.

మూడో కథ మళ్లీ ఈ గడ్డి మీదిదే. 1971 ఏప్రిల్ 3న ట్రాన్స్‌వాల్ ప్రాంత జట్టుకు, మిగతా దక్షిణాఫ్రికా జట్టుకు మధ్య మ్యాచ్. మైక్ ప్రోక్టర్ వేసిన మొదటి బంతికి బ్యాట్స్‌మన్ ఒక పరుగు తీశాడు. తరువాత రెండు జట్ల ఆటగాళ్లూ మైదానం విడిచి వెళ్లిపోయి, జట్టు ఎంపికకు ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలని ప్రకటన ఇచ్చి, తిరిగి వచ్చి ఆట కొనసాగించారు. గ్రేమ్ పొలాక్ వంటి మహా ఆటగాళ్లు ఉన్న సమూహం అది. దీనిని కొందరు సాహసమంటారు, కొందరు ఆస్ట్రేలియా పర్యటన చేజారుతుందన్న భయమంటారు. నేను రెండింటికీ చోటిస్తాను గానీ, ఆ రోజు మైదానం నుంచి నడిచి వెళ్లిన వాళ్లకు తిరిగి రావడానికి మైదానం ఉందన్న మాట మరువలేను. శ్వేతేతర క్రికెటర్ల సంఘం అధ్యక్షుడు హసన్ హోవా, పర్యటనకు ఒకరిద్దరు నల్ల ఆటగాళ్లను అలంకారంగా పంపుతామన్న ప్రతిపాదనను తిరస్కరించాడు. అసాధారణ సమాజంలో మామూలు ఆట ఉండదన్నది ఆయన తరం నినాదం. ఆ మాట మీద నిలబడినందుకు ఆయన ఆటగాళ్లు తమ కెరీర్లు మొత్తం గతుకుల మైదానాల్లో, లెక్కలోకి రాని స్కోర్లుగా గడిపారు. డి’ఒలివెరా పేరు ఇంగ్లండ్–దక్షిణాఫ్రికా టెస్టు సిరీస్ ట్రోఫీకి ఉంది. 2000లో ఆయనను దక్షిణాఫ్రికా శతాబ్దపు పదిమంది క్రికెటర్లలో ఒకడిగానూ ఎంచారు. హోవా వెంట నిలిచిన బౌలర్ల పేర్లు నాకు ఎక్కడా పెద్దగా కనిపించలేదు.

గురువారం: లాంగా

మండేలాను ఖైదు చేసిన రాబెన్ ద్వీపానికి వెళ్దామనుకున్నాను. గాలి ఎక్కువై ఫెర్రీ ఆపేశారు. బదులుగా నల్లజాతి వాళ్ల పేట లాంగా టౌన్‌షిప్‌కు వెళ్లాను, వెళ్లినందుకు సంతోషమే కలిగింది. 1960 మార్చి 30న ఫిలిప్ కోసానా అనే విద్యార్థి నాయకత్వంలో ముప్పై వేల మంది, నల్లవారు ఎప్పుడూ గుర్తింపు పత్రం వెంట ఉంచుకోవాలన్న పాస్ చట్టాలకు వ్యతిరేకంగా ఇక్కడి నుంచే నగరానికి నడిచారు. అవే చట్టాలను నిరసించినవాళ్ల మీద షార్ప్‌విల్‌లో పోలీసుల కాల్పులు జరిగి అప్పటికి తొమ్మిది రోజులు. అదే వారంలో డి’ఒలివెరా దేశం విడిచాడు; ఏప్రిల్ 1న లండన్‌లో దిగాడు. దేశం మండుతున్నప్పుడు ఒక మనిషి ఆడుకోవడానికి వెళ్లిపోయాడని అప్పట్లో నిష్ఠూరమాడినవాళ్లూ ఉండి ఉంటారు. ఆయన రాజకీయవాది కాదు, ఎప్పుడూ కాలేదు.

ఈ వీధుల్లోనే టెంబా బవుమా పెరిగాడు. 2016 జనవరిలో న్యూలాండ్స్‌లో బెన్ స్టోక్స్ 258 బాదిన అదే టెస్టులో బవుమా 102 పరుగులతో అజేయంగా నిలిచి, దక్షిణాఫ్రికా తరఫున టెస్టు సెంచరీ చేసిన తొలి నల్లజాతి ఆఫ్రికన్ అయ్యాడు. ఆడినది డి’ఒలివెరా పేరు గల ట్రోఫీ కోసం. 2025 జూన్‌లో లార్డ్స్‌లో ఆస్ట్రేలియాను ఓడించి ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ అందుకున్న జట్టుకు కెప్టెన్ కూడా ఆయనే. ఒక ఇంటి గోడ పక్కన ప్లాస్టిక్ క్రేటును వికెట్లుగా పెట్టి ఆడుతున్న పిల్లలు, నేను ఇండియా నుంచి వచ్చానని తెలియగానే విరాట్ కోహ్లీ గురించి తప్ప మరేదీ అడగలేదు.

శనివారం: డర్బన్

శుక్రవారం విమానంలోనే గడిచిపోయింది. డర్బన్‌కు రావడానికి కారణం కింగ్స్‌మీడ్ క్రికెట్ మైదానం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడలో చెరకు తోటలకు కూలీలు దిగింది ఈ ఊరి రేవులోనే. ఆ తరువాత వచ్చిన ఓడల్లో తెలుగువాళ్లు వేలమంది ఉన్నారు. వారి మనుమలు స్థాపించిన ఆంధ్ర మహాసభకు ఇప్పుడు తొంభై ఏళ్లు దాటాయి. ఆటలో వారికి జరిగినది కూడా కేప్‌లో జరిగినదే. భారతీయ మూలాలున్న గోల్ఫర్ పాప్‌వా సెవ్‌గోలమ్ 1963లో ఈ ఊళ్లో నటాల్ ఓపెన్ గెలిస్తే, క్లబ్బు భవనంలోకి రానివ్వకుండా బయట వానలో ట్రోఫీ ఇచ్చారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కు చేరిన భారత్, ప్రత్యర్థి దక్షిణాఫ్రికా అయినందుకు ఆడడానికి నిరాకరించింది. అమృత్‌రాజ్ సోదరులకు కప్పు చేతికందే దూరంలో ఉండిపోయింది. దానికి మూల్యం చెల్లించింది కూడా ఆటగాళ్లే.

అందుకే, 1991లో దేశంలోని రెండు క్రికెట్ సంస్థలూ కలిసిపోయాక వెలి తొలగి, ఆ నవంబరు 10న దక్షిణాఫ్రికా మొదటి మ్యాచ్ ఈడెన్ గార్డెన్స్‌లో ఆడినప్పుడూ, మరుసటి ఏడాది నవంబరు 13న కింగ్స్‌మీడ్‌లో, వెలి తరువాత సొంతగడ్డ మీద తొలి టెస్టు మొదలైనప్పుడూ ఎదుటి జట్టు కెప్టెన్ మన హైదరాబాద్ అజహరుద్దీన్ కావడం ఇక్కడి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా గుర్తుంది. ఆ టెస్టులోనే 40 ఏళ్ల వయసులో ఒమర్ హెన్రీ దక్షిణాఫ్రికా తరఫున ఆడాడు. వెలి తొలగాక ఆ జట్టుకు టెస్టు ఆడిన తొలి శ్వేతేతరుడు. ప్రవీణ్ ఆమ్రే తొలి టెస్టులో సెంచరీ చేశాడు.

నన్ను కింగ్స్‌మీడ్ గేటు దగ్గర దింపిన టాక్సీ డ్రైవరు పూర్వీకులు తెలుగువాళ్లే. అతడు ఆ మ్యాచ్‌కు వెళ్లాడట, భారత్‌ను సమర్థిస్తూ అరిచాడట. అతడి అన్న మాత్రం రాలేదు. వివక్ష ఉన్న మైదానంలో ఆడడమే కాదు, అక్కడికి చూడటానికి వెళ్లడం కూడా తప్పన్న నియమానికి కట్టుబడ్డ క్లబ్బు మనిషి ఆయన. ఒక్క ఒమర్‌ను చూపించి మమ్మల్ని సరిపెట్టుకోమంటారా అని ఇంట్లో రేడియో పెట్టుకుని కూర్చున్నాడట. “మరి తరువాత ఎప్పుడైనా వచ్చారా?” అని అడిగాను.

“నల్లజాతి ఫాస్ట్ బౌలర్ మఖాయా ఎన్తిని ఇక్కడ బౌలింగ్ చేసిన సంవత్సరం టికెట్టు తనే కొనుక్కుని వచ్చాడు సార్. వచ్చి, స్లిప్‌లో క్యాచ్‌లు వదిలేస్తున్నారని రోజంతా తిట్టి ఇంటికెళ్లాడు.”